మరుగుజ్జు గ్రహమూ, కోతల బాబాయీ

ముద్ర వేయడం కంటే గొప్ప సౌకర్యాన్ని మనిషి ఇంతవరకు కనిపెట్టలేదు. మిక్సీ అంటారా? మూత పట్టుకుని నిలబడాలి. సెల్‌ఫోన్ అంటారా? పూటకోసారి ఛార్జింగ్ పెట్టాలి. ముద్రకు ఆ బాధ లేదు. ఒక్కసారి వేస్తే జన్మంతా పనిచేస్తుంది.

ఒకాయనకు పిసినారి అని ముద్ర వేశామనుకోండి. ఇక ఆయన ఎవరికేం పెడుతున్నాడో చూడనక్కర్లేదు. ఒకావిడకు తిక్కమనిషి అని వేశామా, ఆవిడ ఎందుకు అరుస్తోందో కనుక్కునే శ్రమ తప్పుతుంది. ఎంత టైము ఆదా!

ఇంత సుఖాన్ని భూమి మీదే ఉంచుకోవడం భావ్యమా? అందుకే సూర్యుడి చుట్టూ తిరిగేవాటికి కూడా పెద్దలు ముద్రలు సిద్ధం చేశారు. సూర్యుడి చుట్టూ తిరగాలి, తన బరువుకు తానే నలిగి గుండ్రంగా అయివుండాలి, తన దారిలో అడ్డొచ్చేవాటిని ఊడ్చేసుకుని ఉండాలి. మూడూ ఉంటే గ్రహం. మొదటి రెండే ఉంటే మరుగుజ్జు గ్రహం. నెప్ట్యూన్ దాటాక అవతల చీకట్లో ఇలాంటి అభ్యర్థులు, అంతకన్నా చిన్న మంచు ముద్దలు, వేలకు వేలు తిరుగుతున్నాయి. ప్లూటో తొమ్మిదో గ్రహం హోదా పోగొట్టుకున్నది ఇక్కడే. ఆ కబురు దానికి ఇంకా అందినట్టు లేదు, మునుపటిలాగే తిరుగుతోంది.

అయితే, ముద్ర వేసేముందు ఒకసారి సరిగ్గా చూద్దాం అనే మనుషులు కొందరుంటారు. వాళ్లవల్ల ఎన్ని పనులు ఆగిపోతాయో చెప్పడానికి ఒక అబ్జర్వేటరీలో పనిచేసిన లెక్కల మేడమ్ సంగతి చాలు.

ఆవిడ గది మూడో అంతస్తులో, బ్యాటరీల గదికీ బాత్‌రూమ్‌కీ మధ్యన ఉండేది. పైన టెలిస్కోపు తీసిన ఫొటోలు పొద్దున్నే ఆవిడ బల్లమీదికి వచ్చేవి. నిన్నటి ఫొటోనూ ఇవాళ్టి ఫొటోనూ పక్కపక్కన పెట్టి, ఏ చుక్క కదిలిందో వెతకడం ఆవిడ పని. అలా ఒకరోజు ఒక చుక్క వెంట్రుకవాసి పక్కకు జరిగి కనబడింది. ఆవిడ దాన్ని వదల్లేదు. పదకొండేళ్లు వెంటపడింది. సూర్యుడి చుట్టూ ఒక చుట్టు తిరగడానికి దానికి రెండు వందల ఎనభై ఏళ్లు పైనే పడుతుందని లెక్కగట్టింది.

రికార్డుల్లో దానికి అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి పేరొకటి ఉండేది. అది ఎవరికీ నోరు తిరగదు. ఇంట్లో మాత్రం చలిముద్ద అనేవాళ్లు. ఆవిడ భర్త దర్జీ. మెడలో టేపుతోనే భోజనానికి కూర్చుని అడిగేవాడు.

"ఇంతకీ మీ చలిముద్ద నడుం కొలతెంత?"

"అదే తెలీటం లేదండీ."

"కొలత లేకుండా పదకొండేళ్లుగా ఏం కుడుతున్నావు మరి?"

కమిటీ అడుగుతున్నదీ ఇదే. దానిపేరు వర్గీకరణ కమిటీ. మూడేళ్లకోసారి కూర్చుంటుంది. చలిముద్దకు మరుగుజ్జు గ్రహం ముద్ర వేయమని లెక్కల మేడమ్ పంపిన దరఖాస్తు మూడుసార్లు తిరిగొచ్చింది. మొదటిసారి కొలత తెలియదని, రెండోసారి ఆకారం తెలియదని, మూడోసారి బరువు తెలియదని. నాలుగో సమావేశం ఆరు నెలల్లో ఉంది. ఆవిడ రిటైర్‌మెంట్ రెండున్నరేళ్లలో ఉంది. ఐదో సమావేశం నాటికి ఆవిడ కుర్చీలో ఇంకెవరో ఉంటారు.

అలాంటప్పుడు ఆవిడకు ఒక అదృష్టం కలిసొచ్చింది. ఒకానొక సాయంత్రం ఏడు గంటల నలభై రెండు నిమిషాలకు, చలిముద్ద సరిగ్గా ఒక నక్షత్రం ముందునుంచి వెళ్లబోతోందని లెక్కలో తేలింది. దీపం ముందునుంచి మనిషి నడిస్తే దీపం కాసేపు కనబడదు కదా, అలాగే నక్షత్రం కొన్ని సెకన్లపాటు మాయమవుతుంది. వేరు వేరు ఊళ్లలో కూర్చున్న ఏడుగురు, తమకు అది ఎన్ని సెకన్లు మాయమైందో చెబితే, ఏడు గీతలొస్తాయి. అవి ఒకదానికింద ఒకటి పేరిస్తే చలిముద్ద ఆకారం దొరుకుతుంది.

ఇది అబ్జర్వేటరీలో చాలామందికి రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. దర్జీకి ఒక్కసారే సరిపోయింది. "ఏడుచోట్ల అడ్డకొలత తీస్తే ఒళ్లెంతో తెలిసిపోదూ," అన్నాడు.

ఏడు ఊళ్లకు ఏడుగురు కుదిరారు. చిన్న టెలిస్కోపులూ కెమెరాలూ పంపిణీ అయ్యాయి. రెండు రోజులుందనగా చిట్టచివరి ఊళ్లో కుదుర్చుకున్న సైన్సు టీచరుకు జ్వరం తగిలింది. ఆ ఊళ్లో వీళ్లకు తెలిసినవాడు ఇంకొకడే ఉన్నాడు. దర్జీ తమ్ముడు.

ఆ మాట అనగానే ఇంట్లో అందరూ అన్నం కలపడం ఆపేశారు.

"బాబాయా?" అంది కూతురు.

దర్జీ తమ్ముడు లిఫ్టు మెకానిక్. పనిలో దిట్ట. తలుపు మూసుకోవడంలో అర సెకను తేడా వచ్చినా చెవితో విని పట్టేస్తాడు. కానీ నోరు తెరిస్తే కోతలు. లిఫ్టులో పన్నెండు నిమిషాలు ఇరుక్కుంటే నాలుగు గంటలంటాడు. ఎలుకను చూస్తే ముంగిస అంటాడు, ముంగిసను చూసినప్పుడు ఏమన్నాడో ఇక్కడ రాయలేం. అన్న కూతురు చిన్నప్పుడే ఆయనకు కోతల బాబాయి అని పేరు పెట్టింది. ఆయన చెప్పిన ఏ అంకెనైనా పదితో భాగించాలని ఆ ఇంట్లో ఒక సూత్రం ఉండేది. చుట్టాలకు కూడా నేర్పారు.

చూశారా, ముద్ర ఎంత ఉపకారం చేస్తుందో? ఆయన మాట్లాడుతున్నంతసేపూ మిగతావాళ్లు హాయిగా టీవీ చూసుకునేవాళ్లు.

వేరే దారి లేక లెక్కల మేడమ్ ఆ ఊరు వెళ్లి, ఒక మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి మరిదికి పని నేర్పింది. ఆయన లిఫ్టులు చూసే పన్నెండంతస్తుల బిల్డింగు డాబామీద టెలిస్కోపు బిగించింది. కెమెరా దానంతటది రికార్డు చేస్తుంది. దానికి తోడు ఫోన్‌లో గొంతు రికార్డు చేయాలి. పక్కన టైము చెప్పే రేడియో సెకనుకోసారి టిక్కుమంటుంటుంది. నక్షత్రం మాయమైతే "పోయింది" అనాలి, కనబడితే "వచ్చింది" అనాలి.

"అంతేనా వదినా? ఇంకేం మాట్లాడకూడదా?"

"ఇంకొక్క ముక్క కూడా వద్దు."

"అదే కష్టం," అన్నాడు నిజాయితీగా.

ఆ సాయంత్రం ఎనిమిదింటికల్లా ఆరు ఫోన్లు వచ్చాయి. ఒకరికి ముప్పయ్యారు సెకన్లు, ఒకరికి ముప్పైనాలుగు, ఒకరికి ఇరవై ఎనిమిది. లెక్కల మేడమ్ ఒక్కొక్కటీ రాసుకుంటూ ఒకదానికింద ఒకటి గీసుకుంది. గీతలు గుండ్రంగా వస్తున్నాయి. ఏడో ఫోను ఎనిమిదింపావుకు వచ్చింది.

"వదినా, కెమెరా సంగతి ముందే చెప్పేస్తాను. వైరు నా కాలికి తగిలి ఊడిపోయింది. అది చూసుకోలేదు."

ఆవిడ కళ్లు మూసుకుంది. "ఫోను?"

"ఫోను నడిచింది. కానీ వదినా, నక్షత్రం రెండుసార్లు పోయింది."

"రెండుసార్లేమిటి?"

"ముందొకసారి చిన్నగా పోయి వచ్చింది. నిమిషన్నర తర్వాత పెద్దగా పోయింది."

ఆవిడ ఫోను పెట్టేశాక భర్త ముఖం చూసింది. ఆయన టేపును వేలికి చుట్టుకుంటూ, "పదితో భాగిస్తే సున్నాచిల్లరసార్లు పోయినట్టు," అన్నాడు. ఆవిడకు నవ్వు రాలేదు.

మర్నాడు ఆవిడ చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకుని మరిది పంపిన రికార్డు విన్నది. రేడియో టిక్కుటిక్కుమంటోంది. ఎక్కడో కుక్క మొరిగింది. ఆయన గొంతు: "పోయింది." నాలుగు టిక్కులు నిండకముందే: "వచ్చింది. ఇదేంటి?" తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ: "పోయింది." పంతొమ్మిది సెకన్లు. "వచ్చింది."

పెద్దది మిగతా ఆరింటి పక్కన అచ్చు గుద్దినట్టు కుదిరింది. చలిముద్ద అడ్డకొలత ఎనిమిది వందల కిలోమీటర్లకు అటూఇటూగా తేలింది. నిఖార్సయిన గుండ్రం. చిన్నది మాత్రం గీతలన్నిటికీ దూరంగా, ఖాళీ కాగితం మీద పడింది.

అబ్జర్వేటరీ డైరెక్టరు కాగితం చూసి పొంగిపోయాడు. "కంగ్రాచ్యులేషన్స్ మేడమ్. ఈసారి కమిటీ నోరెత్తదు. ఈ చుక్కొకటి తీసేయండి."

"అది కూడా చూశారు సార్."

"ఎవరు?"

"మా మరిది. లిఫ్టు మెకానిక్."

"ఆయనెలాంటి మనిషి?"

ఆవిడ అబద్ధం చెప్పలేకపోయింది. "కొంచెం కోతలు కోస్తాడు సార్."

"మరింకేం? పెద్దది ఉంచండి, చిన్నది తీసేయండి."

"రెండూ ఒకే గొంతు సార్. ఒకే రికార్డు. పెద్దదాన్ని నమ్మి, చిన్నదాన్ని నమ్మకపోవడం ఎలా?"

"పెద్దది మనకు పనికొస్తుంది కాబట్టి," అన్నాడు డైరెక్టరు, చాలా మామూలుగా. పైగా ఓపిగ్గా వివరించాడు కూడా. మబ్బు తునక అడ్డొచ్చి ఉండొచ్చు. గబ్బిలం ఎగిరి ఉండొచ్చు. ఆయనకు కన్ను చెదిరి ఉండొచ్చు. ఇన్ని అనుమానాలున్న చుక్కను కాగితం మీద ఉంచితే కమిటీ మొత్తం కాగితాన్నే పక్కన పెడుతుంది. అప్పుడు మళ్లీ మూడేళ్లు.

ఆయన అన్నదాంట్లో తప్పేముంది? మనమంతా చేసేదిదే. ఒక మనిషి చెప్పిన మాటల్లో మనకు నప్పినవి నిజాలు, నప్పనివి ఆయన గుణం.

ఆదివారం మరిది తనే ఇంటికి వచ్చాడు. సంగతి ఎవరో చేరవేసినట్టున్నారు. రోజూలా గుమ్మంలోంచే కథ మొదలుపెట్టలేదు. అన్న కుట్టు మిషను పక్కన స్టూలు మీద కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు.

"తీసెయ్యి వదినా."

"ఏం తీసెయ్యమంటావు?"

"ఆ చిన్నది. నా మాట ఎవరు నమ్ముతారు? నీ పదకొండేళ్ల కష్టం నా నోటివల్ల పాడవకూడదు. ఎవరన్నా అడిగితే, ఊరికే అన్నానని చెప్పేస్తాను. అలవాటేగా, ఎవరూ ఆశ్చర్యపోరు."

దర్జీ మిషను ఆపాడు. లెక్కల మేడమ్ మరిది ముఖంలోకి చూసింది. పాతికేళ్లుగా ఆ ముఖాన్ని చూస్తోంది గానీ ఇంతసేపు చూడటం ఇదే మొదలు.

"నువ్వు చూశావా, లేదా?"

"చూశాను."

"ఎంతసేపు?"

"తలుపుకు ఎవరైనా అడ్డొస్తే సగంలో ఆగి మళ్లీ తెరుచుకుంటుందే, అంతసేపు. నాలుగు సెకన్లు కూడా లేదు వదినా."

ఆ మాట ఆవిడకు ఎక్కడో తగిలింది. నాలుగు సెకన్లు కూడా లేదు. పాతికేళ్లలో ఈ మనిషి నోట "కూడా లేదు" అన్న మాట ఆవిడ ఎన్నడూ వినలేదు. ఎంతుంటే అంతకు పదింతలు చెప్పేవాడు. పెంచడం తప్ప తగ్గించడం ఎరగడు. నిజంగా కోసే కోతైతే నక్షత్రం పది నిమిషాలు పోయి ఉండేది, దాంతోపాటు ఊళ్లో కరెంటు కూడా పోయి ఉండేది.

ఆవిడ లోపలికి వెళ్లి, కాగితం తెచ్చి, చిన్న చుక్క పక్కన మూడు పాయింటు తొమ్మిది సెకన్లు అని రాసింది. కింద పరిశీలకుడి వృత్తి దగ్గర, లిఫ్టు మెకానిక్ అని స్పష్టంగా రాసింది.

"ఎందుకొచ్చిన గొడవ వదినా ఇది?" అన్నాడాయన.

"చూసింది చూసినట్టు చెప్పావు. నేను రాసింది రాసినట్టు పంపిస్తాను. మిగతాది వాళ్ల పని."

మిగతా పని కమిటీ చాలా శ్రద్ధగా చేసింది. పొడుగాటి బల్ల చుట్టూ తొమ్మిదిమంది కూర్చున్నారు. ఏడు గీతల గురించి పది నిమిషాలు, లిఫ్టు మెకానిక్ గురించి గంటంపావు చర్చించారు. ఆయన ఏం చదువుకున్నాడు, ఏ బిల్డింగు, ఎన్ని లిఫ్టులు అని అడిగారు. రికార్డు వింటారా అని మేడమ్ అడిగితే, టైము లేదన్నారు. దరఖాస్తు నాలుగోసారి తిరిగొచ్చింది. కొలత ఉంది, ఆకారం ఉంది, బరువు మాత్రం ఇప్పటికీ తెలియదు, పైగా ఒక పరిశీలన నమ్మదగనిది అని ఎర్రసిరాతో రాసి ఉంది.

లెక్కల మేడమ్ ఆ రోజు ఇంటికి నడిచే వచ్చింది. బస్సెక్కితే ఎవరో ఒకరు పలకరిస్తారని భయం. ఆవిడ పాత చీర అంచు చిరిగి చాలారోజులైంది, ఆ పూట భర్త అది తీసి కుట్టిపెట్టాడు.

రెండేళ్లు గడిచాయి. ఆవిడ రిటైరైంది. ఒక దండ, ఒక గడియారం, డైరెక్టరుగారి ప్రసంగం. బ్యాటరీల పక్క గదిలో ఇంకెవరో కూర్చున్నారు.

తర్వాత నాలుగు నెలలకు, ఎక్కడో సముద్రాల అవతల, ఆవిడ అబ్జర్వేటరీలోదానికంటే ఎన్నోరెట్లు పెద్ద టెలిస్కోపుతో ఎవరో వేరే పనిమీద ఆ దిక్కు ఫొటో తీశారు. చలిముద్ద పక్కన మినుకుమినుకుమంటూ ఇంకో చుక్క. వారం తర్వాత తీస్తే ఆ చుక్క ఇటువైపుకు వచ్చింది. చలిముద్దకు ఒక చందమామ ఉంది. వెనక్కి లెక్కగట్టి చూస్తే, ఆ సాయంత్రం ఏడూ నలభైకి ఆ బుల్లి చందమామ నీడ ఆ ఏడు ఊళ్లలో ఒకే ఒక్క ఊరిమీదుగా, బాబాయి ఊరిమీదుగా పోయింది.

అంతేకాదు. చందమామ ఎంత దూరంలో, ఎంత వేగంగా తిరుగుతోందో తెలిస్తే, మధ్యలో ఉన్నదాని బరువు లెక్కకట్టొచ్చు. కమిటీ ఇన్నేళ్లుగా అడుగుతున్న బరువు అదే. కొట్టేయమన్న చుక్కలోనే ఉంది. ఐదో సమావేశంలో చలిముద్దకు మరుగుజ్జు గ్రహం ముద్ర పడింది. లెక్కల మేడమ్ సందర్శకుల చీటీ తగిలించుకుని వెనక బెంచీలో కూర్చుని విన్నది. కమిటీ తమ దూరదృష్టిని తామే అభినందించుకుంటూ ఒక తీర్మానం చేసింది.

ఆ సాయంత్రం మరిదికి ఆవిడే ఫోను చేసింది. సంగతంతా చెప్పింది.

"వదినా, అయితే నేను నిజంగానే చూశానా?"

"నువ్వే చెప్పావుగా చూశానని."

"చెప్పాననుకో. నాకే నమ్మకం పోయింది మధ్యలో."

ఇక్కడితో ఆపేస్తే ముద్రల మీద మీకు చెడు అభిప్రాయం కలుగుతుంది. అది న్యాయం కాదు. ముద్ర తప్పని తేలితే పెద్దలు ఊరుకుంటారా? వెంటనే ఇంకోటి వేస్తారు. డైరెక్టరు స్వయంగా తన చేత్తో పరిశీలకుల కొత్త జాబితా రాశాడు. అందులో లిఫ్టు మెకానిక్ పేరు అన్నిటికన్నా పైన, పక్కన ఒక మాట: "అత్యంత విశ్వసనీయుడు."

మరుసటేడు చలిముద్ద ఇంకో నక్షత్రం ముందునుంచి వెళ్లింది. ఈసారి చుట్టూ ఉంగరంలాంటి వలయం కూడా ఉందేమో చూడాలి. లెక్కలు ఇంకెవరికీ కొరుకుడుపడక రిటైరైన మేడమ్‌నే పిలిపించారు. అన్నిటికన్నా మంచి టెలిస్కోపు బాబాయికి ఇచ్చారు. మిగతా ఆరుగురికి పాతవి సర్దారు. తీరా ఆ రోజు ఏమైందో బాబాయి మర్నాడు అబ్జర్వేటరీకి వచ్చి డైరెక్టరు ఎదుటే చెప్పాడు.

"ఏమీ కనబడలేదు సార్."

డైరెక్టరు బల్ల చరిచాడు. "అంటే వలయం లేదన్నమాట. రాసుకోండి మేడమ్. వలయం లేదు."

"అది కాదు సార్. మబ్బు పట్టింది."

"మీరు చూడలేదంటే అక్కడ లేనట్టే. మీ కన్ను సంగతి మాకు తెలీదా?"

"నక్షత్రమే కనబడలేదు సార్. మొత్తం మబ్బు."

"మీ వినయమే మిమ్మల్ని ఇంతవాణ్ణి చేసింది," అంటూ డైరెక్టరు ఆయన భుజం తట్టి, విలేకరులకు చెప్పడానికి పక్క గదిలోకి వెళ్లిపోయాడు.

గదిలో వాళ్లిద్దరే మిగిలారు. బాబాయి కుర్చీలో కూలబడి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"వదినా, అప్పుడు నమ్మలేదు కాబట్టి వినలేదు. ఇప్పుడు నమ్ముతున్నారు కాబట్టి వినటం లేదు. నేనింక నోరు ఎందుకు తెరవాలో చెప్పు."

ఆవిడ డైరెక్టరు వదిలివెళ్లిన ఫారం తన ముందుకు లాక్కుని, "వలయం లేదు" అన్న గడిని అడ్డంగా కొట్టేసి, పెన్సిలు చెక్కుకుంది.

"మబ్బు ఎన్నింటికి పట్టింది?"

బాబాయి నిటారుగా కూర్చున్నాడు. "ఏడూ పదికి వదినా. పడమటి వైపు నుంచి మొదలైంది."

"చెప్పు," అంది ఆవిడ, రాసుకుంటూ.